పొలిమేరలో కొత్తవారు

1960 ఏప్రిల్ 1వ తేదీన సత్యవేడు ప్రాంతము మదరాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రప్రదేశమున చేరినది. నాడు మనుష్యులు కదలలేదు, సరిహద్దు కదలినది. తెలుగు, అరవము ఇచ్చట ఇరుగుపొరుగులుగనే యున్నవి.

నేడో, శ్రీసిటీ కర్మాగారములకై ఒడిశా, బీహారులనుండి మనుష్యులే వచ్చుచున్నారు. మన గ్రామములు వారిని అద్దె యిచ్చువారుగ నెరుగును, ఊరివారుగ నెరుగవు. భూమి నిచ్చియు బిడ్డకు కొలువు దొరకని రైతు బాధ కొట్టివేయదగినది కాదు. అయితే ఆ కోపము పరాయి కూలివానిపై చూపుట న్యాయమా?

వయస్సు ధ్రువపత్రము లేదని బిడ్డను బడినుండి త్రిప్పి పంపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. చేర్చుకొనుట సులభమే, ఒడియా మాత్రమే వచ్చిన బాలునికి పాఠ మెట్లు చెప్పవలెను? ఇంట అరవము మాటలాడు పిల్లలకు తెలుగు నేర్పిన పంతుళ్లు ఈ సీమలో కొదువ లేరు. ఆ నేర్పునే ఇచ్చటను వాడవచ్చును గదా, ప్రత్యేకోపాధ్యాయునికై వేచియుండనేల?