కారే స్లాబుకు సాయం లేదు, అప్పున్న రైతుకు ఇల్లు లేదు

చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు, అద్దంకి ప్రాంతాల్లో ఏ ఊరి కాలనీకి వెళ్లినా 1980, 90 దశకాల్లో ప్రభుత్వం కట్టించిన ఇళ్లు వరుసగా కనబడతాయి. ఒక గది, వసారా, పైన పల్చటి స్లాబు. కింద నల్లరేగడి. ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే నేల అది. లోతు లేని పునాదుల మీద లేపిన గోడలు ఏటేటా కదిలి బీటలు వారాయి. స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతోంది. ఆ కప్పు కిందే పిల్లలు పడుకుంటారు. ధర కోసం ఆపుకున్న పత్తి కూడా ఆ కప్పు కిందే ఉంటుంది. కారిన నీళ్లకు తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఇల్లు కారితే పంట కూడా పోయినట్టే.

మరమ్మతుకు సాయం అడిగితే సచివాలయంలో వచ్చే జవాబు ఒకటే: మీ కుటుంబానికి ఇదివరకే ఇల్లు ఇచ్చేశారు.

2016లో ఇందిరా ఆవాస్ స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు ఇస్తుంది. అదీ కొత్త ఇంటికే. ఇల్లు లేనివాళ్లకు, కచ్చా గోడలూ కప్పూ ఉన్నవాళ్లకు మాత్రమే. కప్పు దేనితో వేశారన్నదే లెక్క, అది నిలుస్తుందా ఊడుతుందా అన్నది కాదు. పాత పథకంలోనైనా కొంత వాటా నిధులు కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికి ఉండేవి. ఇప్పుడు తుపాను వచ్చి, ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే విపత్తు నిబంధనల కింద పక్కా ఇంటికి 6,500 రూపాయలు వస్తాయి. సిమెంటు, ఇనుము ధరలు తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. తుపాను లేకుండా ఏటా కాస్త కాస్త కూలే ఇంటికి అదీ లేదు.

పోనీ కొత్త ఇల్లు అడుగుదామంటే గడప దగ్గరే ఆపుతారు. 2024లో నిబంధనలు కొంత సడలించారు. మోటారు సైకిల్, ఫ్రిజ్ ఉన్నా ఫర్వాలేదన్నారు, నెల ఆదాయ పరిమితిని 10 వేల నుంచి 15 వేలకు పెంచారు. మంచిదే. కానీ కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50 వేలు ఉంటే అనర్హులన్న నిబంధన అలాగే ఉంచారు. రెండెకరాల మిరప వేసే రైతుకు పంట రుణం తేలిగ్గా ఆ గీత దాటుతుంది. అది అతని సంపద కాదు, ఎంతవరకు అప్పుపడవచ్చో బ్యాంకు గీసిన హద్దు. బ్యాంకు వదిలి వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చుకున్నవాడు మాత్రం ఈ నిబంధన కింద పేదవాడే! ఇది రాసినవాళ్లు మిరప కళ్లం చూసి ఉండరు.

భూమి సంగతీ అంతే. రెండున్నర ఎకరాల సాగునీటి భూమి, లేదా ఐదెకరాల మెట్ట ఉంటే కేంద్రం ఇల్లివ్వదు. బియ్యం కార్డుకు మన రాష్ట్రం పెట్టిన హద్దు మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు. ఐదెకరాల మెట్ట రైతు రేషన్ డిపో దగ్గర పేదవాడు, ఇంటి జాబితాలో కాదు. సాగర్ కుడి కాలువ చివరి భూములు కాగితం మీద మాగాణి. నీళ్లు అందాయా లేదా అని ఎవరూ అడగరు.

హర్యానాలో అంబేడ్కర్ పేరుతో ఇళ్ల నవీకరణ పథకం ఉంది. మొదట దళితులకే పరిమితమైన దాన్ని 2021లో పేద కుటుంబాలన్నిటికీ వర్తింపజేసి, సాయాన్ని 80 వేలకు పెంచారు. ఇల్లు కట్టి పదేళ్లయితే చాలు. మన దగ్గర ప్రభుత్వం కట్టించిన ఇళ్లకే అంతకు రెండు మూడింతల వయసుంది. ఇరవై ఏళ్లు దాటిన కాలనీ ఇంటికి మరమ్మతు సాయం, అర్హతలో పంట రుణ నిబంధన రద్దు: ఈ రెండూ మన సంఘం డిమాండ్లలో చేరాలని నా అభిప్రాయం.

గ్రామ కమిటీలు ఈలోగా ఒక పని చేయొచ్చు. కాలనీలో ప్రతి ఇల్లూ ఏ సంవత్సరం కట్టారో, స్లాబు, గోడలు ఎలా ఉన్నాయో రాసి, ఫోటోలతో గ్రామసభ ముందు పెట్టండి, తీర్మానం చేయించండి. అనర్హులన్నవారు ఏ నిబంధన కింద అన్నారో నోటిమాటతో వదలకుండా రాయించి తీసుకోండి.