గృహారోగ్యము: కన్నుల పరీక్ష

ఇంటిల్లిపాది యారోగ్యమును కనిపెట్టి చూచు గృహిణి తన కన్నుల మాట మాత్రము వాయిదా వేయుచుండును. సూదిలో దారమెక్కనినాడు దీపమును, బియ్యములో రాయి కనబడనినాడు వయస్సును నిందించి యూరకుండును. సోదరీమణులారా! ఈ నెల మేము మీకు విన్నవింపదలచినది యీ యుపేక్షను గూర్చియే.

నలువది యేండ్లు దాటినపిమ్మట దగ్గఱి యక్షరములు మసకబాఱుట చత్వారము. అది తగిన కన్నద్దములతో తీఱును. శుక్లములు ముదిరినను శస్త్రచికిత్సచే చూపు సాధారణముగా మరల వచ్చును. నీటికాసుల వ్యాధి యట్టిది కాదు. పలువురియందు దానికి నొప్పియు లేదు, ఎఱుపును లేదు. కంటినుండి మెదడునకు పోవు నరము మెల్లమెల్లగా చెడి, చూపు తఱచుగా ప్రక్కలనుండి తగ్గుచు వచ్చును. ఎదుటి వస్తువు చక్కగా కనబడుచునే యుండుటచే అనుమానమైనను కలుగదు. ఒక కంటి లోపమును రెండవ కన్ను కప్పిపుచ్చును. పోయిన చూపు మరల రాదు. మిగిలినదానిని నిలుపుకొనుటకు మాత్రము చికిత్స కలదు. కావుననే ముందుగా కనుగొనుట ముఖ్యము.

మధుమేహమును ఇట్టిదే. కంటి లోపలి తెరయందలి సన్నని రక్తనాళములను, చూపు తగ్గకమునుపే, చెఱచుచుండును. ఆ వ్యాధి గలవారు ఏటేట కంటిపాపలను మందుతో పెద్దవి చేయించుకొని పరీక్ష చేయించుకొనవలయును. తక్కినవారు నలువదవ యేట ఒకమాఱు సంపూర్ణ పరీక్ష చేయించుకొని, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులను పాటింపవలయును. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులున్నచో ఆలస్యము బొత్తిగా పనికిరాదు. అద్దముల దుకాణములో అక్షరములు చదివించుటయే పూర్తి పరీక్ష యనుకొనరాదు. కంటిలోని యొత్తిడిని కొలిచి, నరమును చూడవలయును.

పిల్లల విషయమున మఱియొక మాట. నల్లబల్ల కనబడని బిడ్డను చదువు రానిదని కసరుట యన్యాయము. కన్నద్దములు పెట్టినచో పెండ్లి కుదురదని కూతురి చూపు లోపమును దాచు తల్లులు నేటికిని కలరు. పసితనమున ఒక కన్ను మందగించినపుడు చికిత్స ఆలస్యమైన కొలది ఫలము తగ్గునని వారెఱుగవలయును.

తెలంగాణమున 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటి వెలుగు కార్యక్రమమున ఊరూర పరీక్షలు జరిపి కన్నద్దముల నుచితముగా నిచ్చిరి. అట్టి శిబిరము మన వాకిటికి వచ్చువఱకు వేచియుండనేల? నేడే గోడమీది పంచాంగమున నొక దినమును గుర్తు పెట్టుకొనుడు. అత్తగారిని, బిడ్డలను వెంట తీసికొని వెళ్లుడు. అందఱి పరీక్షయు ముగిసినదని మీరు మాత్రము తిరిగి రాకుడు. ఆ కుర్చీలో మీరును కూర్చుండుడు.