దోమకు అధికారి ఉన్నాడు, మూడేళ్ల పిల్లకు లేడు

గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



2025 డిసెంబర్‌లో ఈ నగరం పటాన్ని మళ్లీ గీశారు. చుట్టుపక్కల 27 పురపాలికలు, కార్పొరేషన్లు వచ్చి కలిశాయి. దాదాపు 650 చదరపు కిలోమీటర్ల మహానగరం 2,000 దాటింది. 150 వార్డులు 300 అయ్యాయి. మా ఏ.ఎస్. రావు నగర్‌లోనూ, ఊరంతటా ఒకటే చర్చ: ఏ వీధి ఎటు పోయింది, ఏ కాలనీ పేరు నిలిచింది, ఎవరి ఓటు ఎక్కడ పడుతుంది. అవన్నీ అడగవలసినవే, కాదనను. వార్డు చిన్నదైతే పాలన గడపకు దగ్గరవుతుందన్నారు కాబట్టి, గడప లోపల పాకుతున్న పిల్లల సంగతి అడుగుతున్నాను. కొత్త వార్డులో ఆరేళ్లలోపు పిల్లలు ఎందరు? వాళ్ల కోసం అంగన్‌వాడీలు ఎన్ని, ప్లేస్కూళ్లు ఎన్ని? వాటిలోకి తొంగిచూసే బాధ్యత మీ సంస్థలో ఎవరిది? హద్దులు గీసేటప్పుడు అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) సెక్టార్ల పటాన్ని ఎవరైనా పక్కన పెట్టుకుని చూశారా, లేక సూపర్‌వైజరు పరిధి ఒక తీరు, వార్డు పరిధి ఇంకో తీరుగా వదిలేశారా?

జవాబు దొరకాల్సిన చోటు వార్డు కార్యాలయం. 2023 జూన్ 16న వాటిని ఆర్భాటంగా తెరిచారు. ఒక్కో ఆఫీసులో పదిమంది ఉంటారన్నారు. పైన వార్డు పరిపాలనాధికారి. ఆయన కింద రోడ్లకు ఇంజినీరు, ఇళ్ల ప్లాన్లకు టౌన్ ప్లానింగ్ మనిషి, చెత్తకు శానిటరీ జవాను, దోమలకు ఎంటమాలజీ సిబ్బంది, మొక్కలకు బయోడైవర్సిటీ సూపర్‌వైజరు, కరెంటుకు లైన్‌మన్, మంచినీళ్లకు జలమండలి సహాయకుడు, బస్తీ సంఘాలకు కమ్యూనిటీ ఆర్గనైజరు, ఫిర్యాదులు ఎక్కించడానికి కంప్యూటర్ ఆపరేటరు. ఈ జాబితాను దయచేసి ఇంకోసారి చదవండి. కరెంటు మీ శాఖ కాదు. మంచినీళ్లకు వేరే బోర్డు ఉంది. అయినా ఆ మనుషులకు మీ కప్పు కింద కుర్చీ వేశారు, మంచిపనే చేశారు. దోమకు, చెట్టుకు దొరికిన కుర్చీ మూడేళ్ల పిల్లకు దొరకలేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు జనన ధ్రువపత్రం ఇచ్చేది మీరే. ఆ కాగితం చేతిలో పెట్టాక ఆమె ఏం తింటోంది, ఎక్కడ ఆడుకుంటోంది, ఎవరి చేతుల్లో పెరుగుతోంది అన్నది నగరపాలక సంస్థకు పట్టదు.

అది మహిళా శిశు సంక్షేమ శాఖ పని అని మీ కార్యాలయం అనవచ్చు. ఆ జవాబుకు కొంత ఆధారం లేకపోలేదు. 1992లో వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కోసం 11వ షెడ్యూలులో 29 అంశాలు రాసింది. అందులో 25వది మహిళా శిశు అభివృద్ధి. 74వ సవరణ పట్టణాల కోసం 12వ షెడ్యూలులో 18 అంశాలు రాసింది. అందులో అది లేదు. దీని ఫలితం మన కళ్లముందే ఉంది. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లోని 51 పంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపారు. కీసర, చీర్యాల అలా దమ్మాయిగూడ మున్సిపాలిటీలోకి వచ్చాయి. ఏడాది తిరిగేసరికి దమ్మాయిగూడ మహానగరంలో కలిసింది. ఆ ఊళ్ల పిల్లలు ఇల్లు మారలేదు, అంగన్‌వాడీ మారలేదు. పిల్లల సంగతి పట్టించుకోవలసినదిగా రాజ్యాంగం పేరుపెట్టి చెప్పిన స్థానిక సంస్థ మాత్రం వాళ్లకు లేకుండా పోయింది. రాష్ట్ర మంత్రివర్గంలో పంచాయతీరాజ్, మహిళా శిశు సంక్షేమం రెండూ మంత్రి సీతక్క గారి దగ్గరే ఉన్నాయి కాబట్టి పల్లె పిల్లల విషయంలో రెండు శాఖలూ ఒకే బల్ల మీద కలుస్తాయి. పురపాలక శాఖ ముఖ్యమంత్రి దగ్గర ఉంది. నగరం పిల్ల ఫైలు ఏ బల్ల మీద కలవాలి?

అయితే 12వ షెడ్యూలు చేతులు కట్టేసిందని అనడానికీ లేదు. ప్రజారోగ్యం అందులో ఉంది, మురికివాడల మెరుగుదల ఉంది, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఇంకా సూటిగా మాట్లాడింది. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా పోషకాహారం హక్కు అని 5వ సెక్షన్ చెబుతుంది. 28వ సెక్షన్ రేషన్ దుకాణాలపైనా, ఇతర సంక్షేమ పథకాలపైనా సామాజిక తనిఖీ జరగాలంటుంది. ఆ పని చేయాల్సినవారిలో మొదట పేర్కొన్నది స్థానిక సంస్థనే. అంతకు రెండేళ్ల ముందే, 2011లో, ఐసీడీఎస్ పర్యవేక్షణకు కేంద్రం అయిదంచెల కమిటీలు పెట్టింది. అట్టడుగున ప్రతి అంగన్‌వాడీకీ ఒక కమిటీ, దానికి అధ్యక్షత వార్డు సభ్యురాలిది. ఆ తర్వాత ఈ నగరం 2016లో, 2020లో కార్పొరేటర్లను ఎన్నుకుంది. నగరంలో వార్డు సభ్యులంటే వాళ్లే. వాళ్లలో ఎంతమందికి ఈ కమిటీ సంగతి చెప్పారు? ఎన్ని కమిటీలు ఒక్కసారైనా కూర్చున్నాయి? మినిట్స్ ఎక్కడున్నాయి?

పర్యవేక్షణ అసలే లేదని నేననడం లేదు. అంగన్‌వాడీ సూపర్‌వైజరు ఉన్నారు, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) ఉన్నారు, జిల్లా సంక్షేమాధికారి ఉన్నారు. 2021 నుంచి అంగన్‌వాడీ వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకుకు తల్లి ముఖం ఫోన్‌లో చూపించాలన్న నిబంధన కూడా వచ్చింది. ఇన్ని కళ్లున్నాయి, కానీ అన్నీ పైకే చూస్తాయి. టీచరు ఎక్కించిన బరువు, ఎత్తు ఢిల్లీ దాకా వెళ్తాయి, వార్డు ఆఫీసుకు మాత్రం రావు. పంచే శాఖే కొలుస్తుంది, కొలిచిన శాఖే బాగుందని రాసుకుంటుంది. బాగుందా మరి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు 2015-16లో నూటికి 28 మంది. 2019-20 నాటికి 33 మంది. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 శాతం నుంచి 70 శాతానికి చేరారు. ఆరోగ్య లక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలైంది 2015 జనవరిలో. అన్నం వండుతున్న ఆ అయిదేళ్లలోనే ఎత్తు తగ్గింది, రక్తం తగ్గింది. కారణాలు చాలా ఉంటాయి, తాగునీరు, మరుగుదొడ్డి, తల్లి ఆరోగ్యం, కూలి. తాగునీరు, మురుగు, చెత్త ఫిర్యాదులు చేరేది మీ వార్డు ఆఫీసుకే కదా? అతిసారంతో బరువు తగ్గిన పిల్ల బొమ్మ టీచరు గ్రోత్ చార్టులో ఉంటుంది, పగిలిన మురుగు పైపు ఫిర్యాదు మీ కంప్యూటర్లో ఉంటుంది. ఆ రెండు కాగితాలూ ఒకే వీధివని గమనించే మనిషే లేడు.

మా పక్కనే నాచారంలో తెలంగాణ ఫుడ్స్ ఫ్యాక్టరీ ఉంది. రాష్ట్రమంతటికీ బాలామృతం తయారయ్యేది అక్కడే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి, నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, దానితో 16 గుడ్లు, ఆర్నెల్లు దాటిన మూడేళ్లలోపు ప్రతి పిల్లకూ. ఈ పిండి అడవి దాటి ఆసిఫాబాద్ గూడేలకు పోతుంది. ఫ్యాక్టరీకి కూతవేటులో, అపార్ట్‌మెంట్ సెల్లార్లో కాపురమున్న వాచ్‌మన్ బిడ్డకు, కొత్తగా లేస్తున్న కట్టడం దగ్గర రేకుల గుడిసెలో ఉన్న ఒడియా కూలీ బిడ్డకు చేరుతోందా? అంగన్‌వాడీకి ఆదాయ పరిమితి లేదు, తెల్లకార్డు అక్కర్లేదు. 40 మంది పిల్లలున్న బస్తీ అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13నే ఆదేశించింది. కానీ అడగడానికి ఒక బస్తీ ఉండాలి. సెల్లార్లో కుటుంబం ఒక్కటే ఉంటుంది, కట్టడం పూర్తవగానే గుడిసె లేచిపోతుంది. ఏ భవనానికి ఎప్పుడు అనుమతిచ్చారో, ఎక్కడ పని నడుస్తోందో తెలిసినవాళ్లు మీరే. ఆ జాబితాను నెలకోసారి సీడీపీవోకు పంపడానికి రాజ్యాంగ సవరణ కావాలా?

ఇది పేదల సంగతి, ఏ.ఎస్. రావు నగర్ వంటి మధ్యతరగతి కాలనీకి దీంతో పనేమిటని అడిగేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు ప్లేస్కూలుకు వెళ్తారు, నిజమే. అక్కడ పరిస్థితి ఇంకా విచిత్రం. అంగన్‌వాడీ మీద కనీసం ఒక శాఖ కన్ను ఉంది. రెండు పడకగదుల ఇంటిని అద్దెకు తీసుకుని, గోడకు రంగులేసి, బోర్డు కట్టిన ప్లేస్కూలును మెట్లున్నాయా, గేటుందా, ఆయా ఎవరు అని చూసే దిక్కు ఎవరు? ప్రైవేటు బడులను విద్యాశాఖ ఒకటో తరగతి నుంచి లెక్కపెడుతుంది, విద్యాహక్కు చట్టం ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. ప్రైవేటు ప్లేస్కూళ్లలో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలని జాతీయ బాలల హక్కుల సంఘం మార్గదర్శకాలు రాసింది. వాటిని వార్డులో అమలు చేసే చెయ్యి లేదు. 2022 అక్టోబర్‌లో బంజారాహిల్స్‌లోని ఒక బడిలో ఎల్కేజీ చిన్నారిపై జరిగిన అఘాయిత్యం బయటపడ్డాక బడి గుర్తింపు రద్దన్నారు, కమిటీ అన్నారు. ప్రతిసారీ ఇంతే. ఆ భవనానికి పన్ను వేసేటప్పుడు మాత్రం అది ఇల్లా, వ్యాపారమా అన్నది మీవాళ్లు చక్కగా కనిపెడతారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. అంగన్‌వాడీలను కార్పొరేటర్ల చేతికిస్తే ఆయా పోస్టుకు రేటు కడతారు, గుడ్ల కాంట్రాక్టులో వాటా అడుగుతారు, టీచరును జెండా మొయ్యమంటారు. ఈ భయం ఊహ కాదు. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగితే గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. స్థానిక పాలన అంటే అదేనా అని వాళ్లడిగితే తప్పుపట్టలేం. ఇక్కడా ఆ ఏడాది సెప్టెంబర్‌లో సమ్మె జరిగింది. నెలకు 13,650 రూపాయల గౌరవ వేతనంతో పొయ్యి, పలక, తూకం, యాప్ అన్నీ మోస్తున్న మనిషి మీద ఇంకో యజమానిని కూర్చోబెట్టమని నేనూ అనను. నియామకాలు, కొనుగోళ్లు వార్డుకు వద్దు. చూసే హక్కు వేరు, ఏలే హక్కు వేరు. ఈ నెల ఎన్ని గుడ్లు రావాలి, ఎన్ని వచ్చాయి, తూకం పనిచేస్తోందా, నీళ్లొస్తున్నాయా అన్నది తల్లుల ఎదుట చదివే కమిటీ టీచరుకు బరువు కాదు, ఆమె ఫిర్యాదుకు సాక్ష్యం. గుడ్లు రాకపోతే ఇవాళ తల్లులు నిలదీసేది టీచరునే కదా!

ఈ పని నగరపాలక సంస్థకు కొత్తదని అంటే ఈ ఊరి చరిత్రే ఒప్పుకోదు. 1967లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ సమాజాభివృద్ధి విభాగాన్ని మొదలుపెట్టింది. తర్వాత యునిసెఫ్ తోడైంది. బస్తీ జనంతో కలిసి బాల్వాడీలు నడిపింది ఆ విభాగమే. ఐసీడీఎస్ పుట్టింది 1975 అక్టోబర్ 2న, అంటే కార్పొరేషన్ ఈ రంగంలోకి దిగిన ఎనిమిదేళ్లకు.  కేరళలో అంగన్‌వాడీలు మూడు దశాబ్దాలుగా స్థానిక సంస్థల అధీనంలో ఉన్నాయి. స్థలం కొనడం, భవనం కట్టడం అవే చేస్తాయి. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊరి మున్సిపాలిటీ 1963లో తెరిచిన శిశు పాఠశాల ప్రపంచానికే పాఠమైంది. అంత దూరం ఎందుకు, 2018లో మొదలైన బస్తీ దవాఖానాలకు చోటిచ్చింది మీరు, డాక్టరునిచ్చింది వైద్యశాఖ. కమ్యూనిటీ హాలు ఆసుపత్రి కాగా లేనిది అంగన్‌వాడీ ఎందుకు కాకూడదు? అద్దె గదిలో బియ్యం బస్తాల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టే కేంద్రాలు మీ హాళ్లకు రాకూడదా?

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన పాలకమండలి అయిదేళ్ల గడువు 2026 ఫిబ్రవరిలో ముగిసింది. తర్వాత ఏమవుతుందో ఈ ప్రాంతానికి అనుభవమే. 2007లో మా కాలనీ ఉన్న కాప్రా మున్సిపాలిటీని మహానగరంలో కలిపేశాక 2009 నవంబర్ దాకా అడగడానికి ఎన్నికైన కార్పొరేటరే లేడు. అలాంటి ఖాళీలో సంతకం పెట్టేది ఎన్నికైనవాళ్లు కాదు, అధికారులే. మరోవైపు విద్యాశాఖ 2025లో ముందుగా 210 ప్రభుత్వ బడుల్లో ప్రీ-ప్రైమరీ తెరిచింది. తమ కేంద్రాల పిల్లల్ని లాక్కుంటున్నారని అంగన్‌వాడీ టీచర్లు రోడ్డెక్కారు. రెండు శాఖలు ఒకే పిల్ల కోసం తగువులాడుకుంటుంటే, ఆ పిల్ల ఉండే వార్డుకు ఆ తగువు సంగతే తెలియదు.

నిధులు ఇమ్మని అడగడం లేదు, అధికారాలు తీసుకోమనీ అడగడం లేదు. వార్డుల బోర్డులు కొత్తగా రాయిస్తున్నారు కదా, ప్రతి వార్డు ఆఫీసులో పిల్లల పేరు మీద ఒక మనిషిని పెట్టండి. అంగన్‌వాడీలు, ప్లేస్కూళ్ల జాబితా గోడమీద అంటించండి. 2011 నాటి కమిటీలను ఒక్కసారి కూర్చోబెట్టండి. ఇందులో ఏది మీ అధికార పరిధిలో లేదో దయచేసి రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఏ.ఎస్. రావు నగర్ నివాసి