తొలిచూపు సేవకు చాలునా?

సేవ చేయాలన్న తలంపు ఉత్తమమైనదే. కాని తలంపు ఉత్తమమైనంత మాత్రాన సేవ సఫలం కాదు. విదేశాల నుండి ఎందరో యువతీయువకులు కొద్ది వారాల సేవకై మన దేశంలోని బాలల ఆశ్రమాలకు వస్తుంటారు. వారి తొలి అనుభవం ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. మండే ఎండ, దుమ్ము, అర్థం కాని భాష. వాకిలి దాటగానే పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకొనే పిల్లలు. "ఎంత ప్రేమ!" అని ఆ అతిథి హృదయం ద్రవిస్తుంది.

ఆ దృశ్యాన్ని బిడ్డ వైపు నుండి కూడా చూడాలి. ఇంట పెరిగే పసివాడు కొత్తవారిని చూస్తే తల్లి కొంగు చాటుకు పోతాడు. ముక్కూమొగం తెలియని మనిషిని చుట్టుకొనేవాడు చాలావరకు ప్రేమకు మొగంవాచినవాడే. పదిహేను దినాలకు ఆ అతిథి వెళ్ళిపోతాడు, మరొకరు వస్తారు. ప్రతి వీడ్కోలూ ఆ బిడ్డకు మరొక వియోగమే.

మన సీమ మరచిపోని పరదేశీయులు తొలిచూపుతో తృప్తిపడినవారు కారు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగును శ్రద్ధగా అభ్యసించారు. పేదపిల్లలకు ఉచిత పాఠశాలలు నడిపారు. స్పెయిన్ దేశీయుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మన పొరుగున ఉన్న అనంతపురంలో స్థిరపడి, 2009లో కన్నుమూసే వరకు ఆ కరువు నేలను విడువలేదు. ఆయన స్థాపించిన ఆర్.డి.టి. సంస్థ స్పెయిన్ దాతల విరాళాలతో పల్లెలలో బడులు, నీటి వసతులు, వైద్యం కల్పించింది. బిడ్డను ఊరి నుండి వేరుచేయక, ఊరినే బిడ్డకు ఆసరాగా నిలపడం ఇందలి విజ్ఞత. కేవలం పేదరికమే కారణంగా బిడ్డను కుటుంబం నుండి వేరుచేయరాదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు కూడా చెబుతున్నవి.

భాష రాదన్నది సాకు మాత్రమే. కడప జిల్లా నుండి కువైటుకు వెళ్ళిన మన తల్లులెందరో బడి మొగం చూడకపోయినా అరబ్బీ నేర్చి పరుల బిడ్డలను సాకుతున్నారు. తమ బిడ్డలను అవ్వల చేతిలో పెట్టి వెళ్ళారు. కడుపు కోసం వారు నేర్చినదాన్ని సేవ కోసం మరొకరు నేర్వలేరా?

విద్యార్థులారా! పరదేశీయుల కంటె ముందు ఈ బాధ్యత మనది. ఆశ్రమంలోని బిడ్డ మాట్లాడే ఉర్దూయో తెలుగో మనకు పుట్టుకతోనే వచ్చినది. ఎర్రగుంట్ల నుండి కడప ఎంతో దూరం కాదు. పండుగనాడు మిఠాయిలు పంచి ఛాయాచిత్రాలు తీయించుకొని రావడం సేవ కాదు. ఒక్క బిడ్డకు విద్యాసంవత్సరం పొడవునా, ప్రతి ఆదివారమూ తప్పక వెళ్ళి చదువు చెప్పండి. ఆశ్రమ నిర్వాహకుల అనుమతితో, అధ్యాపకుల పర్యవేక్షణలో ఇట్టి ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి. ఏడాదిపాటు మాట నిలుపుకోగలవారి పేర్లే తీసుకోవాలి. ఆ పేర్లు పదే అయినా చాలు. వచ్చే ఆదివారం కూడా ఈ అన్న వస్తాడన్న నమ్మకమే ఆ బిడ్డకు అన్నిటికన్న విలువైన కానుక.