పొయ్యికి ముందు పొగగొట్టము

కాశ్మీరమున డిసెంబరు 21వ తేదీ మొదలు నలువది దినములు చలి మిక్కిలి తీవ్రముగ నుండును. ఈ కాలమును అచటివారు చిల్లై కలాన్ అందురు. అయినను చేతిపనివారు పని మానరు. అక్రోటు కొయ్యపై పూలు చెక్కువారు, శాలువలు నేయువారు, కాగితపు గుజ్జుతో చేసిన పెట్టెలకు రంగులు దిద్దువారు అనేకులు ఇంటిలోని ఒక గదినే పనిశాలగా చేసికొందురు. వ్రేళ్లు కొంకర్లు పోయినచో ఉలి నడువదు. కావున గది వెచ్చగా నుంచుకొనుట వారికి విలాసము కాదు, జీవనోపాధికి అవసరము.

ఇందులకై బుఖారీ అను రేకుపొయ్యి అచట వాడుకలో నున్నది. పాత పీపాను కోసి ఇట్టి కట్టెలపొయ్యిని ఇంటివద్దనే చేసికొనుటయు సాధ్యమే. ఈ నేర్పు మెచ్చదగినది. వ్యయము తగ్గును, చెక్కగా మిగిలిన కొయ్యముక్కలు వృథా కావు. కాని పొదుపునకు ఒక హద్దు కలదు. పొయ్యి పెట్టెలో పొదుపు చేయవచ్చును గాని, పొగగొట్టములోను గాలి త్రోవలోను చేయరాదు.

కట్టె పూర్తిగా కాలుటకు తగినంత గాలి కావలెను. గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు అధికముగా పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు మించిన బలముతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత కలుగును. పనివాడు దానిని అలసటగా భావించి అచటనే నడుము వాల్చును. అట్లు నిద్రించినవాడు మరల మేల్కొనకపోవచ్చును. పొగ లేని నిప్పులు నిరపాయకరములని తలచుట పెద్ద పొరపాటు.

గాలికి త్రోవ విడిచినచో వేడియంతయు పోవునని కొందరందురు. కొంత వేడి పోవుట నిజమే. అయితే ఆ నష్టము నాలుగు కట్టెలతో తీరును. ప్రాణనష్టము దేనితోను తీరదు. పొయ్యి దాపున గోడకు చిన్న రంధ్రము చేసినచో మంటకు కావలసిన గాలి అందును.

పొగగొట్టము అతుకులు బిగువుగా నుండి, కొస ఇంటికప్పు శిఖరమునకు పైగా నుండవలెను. పచ్చికట్టెల పొగ గొట్టములో జిగురుగా పేరుకొని ఒకనాడు అంటుకొనును. కావున బాగుగా ఎండిన కట్టెలనే వాడి, మసిని తరచుగా తీయవలెను. జింకు పూత గల పీపా పొయ్యికి పనికిరాదు. కాగినప్పుడు దాని పొగ జ్వరము తెచ్చును. రంగు, వార్నీషు పూసిన చెక్కలను కాల్చరాదు. కొయ్యపొట్టును, వార్నీషు డబ్బాలను నిప్పునకు దూరముగా నుంచవలెను. నిప్పు మిగిలియున్న గదిలో ఎవ్వరును నిద్రింపరాదు. ఎవరికైన తల దిమ్ముగా నున్నచో వెంటనే ఆరుబయటకు చేర్చి వైద్యుని పిలువవలెను.

ఆదిలాబాదు, అరకు ప్రాంతములలో చలికి తలుపులు మూసి కుంపటి పెట్టుకొనువారికిని ఈ హెచ్చరిక వర్తించును. కుంపటికి గొట్టమే లేదు గనుక ప్రమాదము మరింత ఎక్కువ.

అయినను భారమంతయు పేద పనివానిపై మోపుట న్యాయము కాదు. ఉలికిని, మగ్గమునకును ఋణమిచ్చు సహకార సంఘములు పొగగొట్టమును సైతము పనిముట్టుగా లెక్కింపవలెను. అందమైన శాలువ నేసిన చేతులు మరుసటి ఉదయమును చూడవలెనన్నచో, ఆ గదిలో పొయ్యికి ముందు పొగగొట్టము నిలువవలెను.