బటన్లున్న స్పీకరే మేలు

మధుమేహం వల్లో, నీటికాసుల వల్లో నడివయసు దాటాక చూపు పోయినవారికి ముందు పేపరు దూరమవుతుంది, తర్వాత టీవీ. ఇక రోజంతా చెవులే తోడు. అందుకే పిల్లలు ప్రేమగా ఓ ఖరీదైన స్పీకరు కొనిస్తారు. కంపెనీ చూస్తారు, ధర చూస్తారు, బేస్ ఎంత అదురుతోందో వింటారు. నాన్నగారు ఎవర్నీ పిలవకుండా దాన్ని మోగించుకోగలరా అన్నది మాత్రం చాలామందికి తట్టదు.

ఇప్పటి స్పీకర్లు, సౌండ్‌బార్లలో చాలావాటికి పైన నున్నటి టచ్ ప్యానెల్ ఉంటుంది. బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ వేలు ఆనించగానే పాట ఆగిపోతుంది. ఇంకోచోట తగిలితే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. తడిమి తెలుసుకునే మనిషికి తడమడమే తప్పయిపోతుంది. వేలు ఆనితే ఊరుకుని, నొక్కితేనే పనిచేసే బటన్ కావాలి.

నాబ్ సంగతి మరీ ముఖ్యం. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో వాల్యూమ్ నాబ్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే టక్కుమని ఆగేది. రేడియో ఆగిపోయిందని ఆ శబ్దమే చెప్పేది. కొంచెం తిప్పితే మెల్లగా, సగం తిప్పితే ఓ మోస్తరుగా మోగుతుందని చేతికి తెలిసిపోయేది. ఇప్పటి నాబ్‌లు అనేకం ఎటు తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఎంత పెంచామో చెప్పేది తెర మీది అంకె ఒక్కటే. చూడలేనివారికి అది ఉన్నా లేనట్టే.

సరిగమ సంస్థ 2017లో తెచ్చిన కారవాన్ అనే పాటల పెట్టె పెద్దవాళ్లకు నచ్చడానికి అయిదు వేల పాత పాటలు ఒక కారణమైతే, చేతికి అందే బటన్లు, తిప్పే నాబ్ మరో కారణం. తెలుగు పాటలతోనూ అది వచ్చింది. అయితే ఏ గాయకుడి పాటలు ఎంచుకున్నామో చిన్న తెర మీద కనిపించడమే గానీ, పెట్టె పైకి చెప్పదు. ఆ పేరు పలికించడం పెద్ద పనేమీ కాదు. చవక బ్లూటూత్ స్పీకర్లు సైతం మోడ్ మారగానే ఇంగ్లీషులో అరిచి చెబుతున్నాయి కదా!

అలెక్సా లాంటివి నోటిమాటకే పలుకుతాయి, నిజమే. ఇంగ్లీషో హిందీయో వచ్చినవారికి అవి గొప్ప ఆసరా. తెలుగు తప్ప మరో భాష రాని పల్లెటూరి అమ్మమ్మకు మాత్రం అక్కరకు రావు. నెట్ పోతే ఎవరికైనా అంతే.

బ్రెయిలీ అక్షరాలు అంటిస్తే సరిపోతుందని కొందరి సలహా. చిన్నప్పుడే నేర్చుకున్నవారికి అది మేలే. అరవై ఏళ్లకు చూపు తగ్గినవారిలో బ్రెయిలీ వచ్చినవాళ్లు అరుదు. వారికి ఆన్ బటన్ మీద ఎం-సీల్ చుక్క ఒకటి పెడితే చాలు, గట్టిపడ్డాక వేలికి స్పష్టంగా తగులుతుంది. ఒక్క బటన్ మీదే పెట్టాలి. అన్నిటి మీదా పెడితే ఏది ఏదో తెలియదు. ఛార్జింగుకు టైప్-సి ఉన్నది ఎంచుకోవాలి, ఎటు తిప్పి పెట్టినా పడుతుంది.

రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకోగలిగే డిజైన్‌లో దొరికేలా ప్రభుత్వం చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. టీవీల వంటి పరికరాల మెనూలు పైకి చదివి వినిపించాలన్న నిబంధన అమెరికాలో అదే ఏడాది డిసెంబరు నుంచి అమలైంది. మన చట్టంలో మాట ఉంది, షాపు అరల్లో దాని జాడ లేదు. తయారీదారులకు ప్రభుత్వం గడువు పెట్టి మరీ అమలు చేయించాలి.

అందాకా కొనేవాళ్లే జాగ్రత్తపడాలి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డరివ్వకండి. వాడబోయే మనిషినే షాపుకు తీసుకెళ్లండి. పెట్టె చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడండి. ఆన్ చేయడం, శబ్దం తగ్గించడం, స్టేషన్ మార్చడం, కట్టేయడం, ఈ నాలుగూ వారంతట వారు చేసుకోగలిగితేనే డబ్బు కట్టండి.