సౌర వేడినీటి వ్యవస్థలో ఉష్ణ వినిమాయకం: ట్యాంకు లీటర్లు చెప్పని లెక్క

అనంతపురం జిల్లాలో విద్యుత్తు లైను చేరని పొలాల్లో కాపురముండే కుటుంబాలకు చలికాలంలో వేడినీళ్లంటే మూడు రాళ్ల పొయ్యి, దానిపై నీళ్ల కాగు, కింద కందికట్టె. సేద్య విజ్ఞాన విద్యార్థిగా నన్ను ముందుగా కలవరపరిచేది ఆ కందికట్టెయే. సేంద్రియ కర్బనం తక్కువగా ఉన్న మన ఎర్ర నేలలకు తిరిగి చేరవలసిన పదార్థం ప్రతి ఉదయం పొగగా మారుతున్నది. ఆ పొగ పీల్చేది ఇంటి స్త్రీలు. అందువలన పొలం ఇంటి వేడినీటి వ్యవస్థను ఇంజనీర్లకే వదిలివేయక, వ్యవసాయ శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకోవలసి ఉన్నది.

ఈ ప్రాంతంలో ఎండకు కొదవ లేదు. చిక్కంతా నీటితోనే. అనేక గ్రామాలలో బోరు నీరు కఠిన జలం. దానిని నేరుగా సోలార్ కలెక్టరులోని సన్నని గొట్టాలలోకి పంపితే సున్నపు పొర పేరుకొని, కాలక్రమంలో అవి మూసుకుపోతాయి. దీనికి పరిష్కారం ఉష్ణ వినిమాయకం. కలెక్టరులోనూ, ట్యాంకులో ముంచిన రాగి చుట్టలోనూ మృదుజలం విడిగా తిరుగుతుంది. ట్యాంకులోని బోరు నీరు ఆ చుట్టను తాకి వేడెక్కుతుంది. ఇంతవరకు అందరూ అంగీకరిస్తారు. అయితే ఆ చుట్ట ఎంత ఉండాలన్న ప్రశ్న దగ్గర మాత్రం అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ మౌనం వహిస్తున్నారు. ట్యాంకు లీటర్లు చెప్పినంత స్పష్టంగా చుట్ట వైశాల్యం ఎవరూ చెప్పరు.

లెక్క కఠినమైనది కాదు. 100 లీటర్ల నీటిని 20 నుండి 55 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి సుమారు 4 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన ఉష్ణం కావాలి. దీనికి 2 చదరపు మీటర్ల కలెక్టరు వాడుకలో ఉన్నది. మంచి ఎండలో మధ్యాహ్నం అది దాదాపు 1,000 వాట్లు అందిస్తుంది. చుట్టను రోజంతటి సగటుకు కాక ఈ గరిష్ఠానికి సరిపోయేలా నిర్ణయించాలి. పంపు లేని వ్యవస్థలో శుభ్రమైన రాగి చుట్ట ప్రతి చదరపు మీటరుకు, ప్రతి డిగ్రీ తేడాకు 250 వాట్లు బదిలీ చేస్తుందనుకుందాం. చుట్టలోని ద్రవానికి, ట్యాంకు నీటికి మధ్య సగటున 10 డిగ్రీల తేడాను అనుమతిస్తే 0.4 చదరపు మీటరు వైశాల్యం అవసరం. 15 మిల్లీమీటర్ల గొట్టంలో ఇది ఎనిమిదిన్నర మీటర్లు. ఒక మిల్లీమీటరు సున్నపు పొరను ముందే లెక్కలోకి తీసుకుంటే 0.5 చదరపు మీటరు, అనగా పదిన్నర మీటర్ల పైచిలుకు అవుతుంది.

రాగి ఖర్చు తగ్గించడానికి 3 మీటర్ల చుట్టతో సరిపెడితే ఏమగును? వేడి నీటిలోకి వెళ్లలేక కలెక్టరు మరింత వేడెక్కి, ఆ వేడిని గాలికి వదులుతుంది. కలెక్టరు ప్రతి చదరపు మీటరుకు, డిగ్రీకి 5 వాట్లు కోల్పోతుందనుకుంటే, చుట్ట కొత్తగా ఉన్నప్పుడే మధ్యాహ్నపు రాబడిలో ఏడో వంతు పోతుంది. సున్నపు పొర 3 మిల్లీమీటర్లకు చేరితే నాలుగో వంతుకు పైగా పోతుంది. అదే పొర 0.5 చదరపు మీటరు చుట్టపై పేరుకున్నా నష్టం 4 శాతం లోపే. చుట్టలో అదనంగా పెట్టే రాగి మొదటి రోజు ప్రతిఫలం పెద్దగా చూపదు. కఠిన జలంలో కొన్నేళ్లు గడిచాక దాని విలువ తెలుస్తుంది.

అలాగని పెద్దదే మేలన్న వాదననూ నేను సమర్థించను. 0.5 చదరపు మీటరును ఒకటికి పెంచితే రాగి ఖర్చు రెట్టింపు, రాబడిలో పెరుగుదల 4 శాతం లోపే. ఆ సొమ్మును ట్యాంకుకు, గొట్టాలకు మందమైన ఉష్ణ నిరోధక తొడుగు వేయడానికి వెచ్చించడం ఉత్తమం. పైగా పంపు లేనిచోట వేడి ద్రవం పైకి, చల్లని ద్రవం కిందికి సహజంగా కదలాలి. ఒకే పొడవాటి సన్నని గొట్టం ఆ కదలికను అడ్డుకుంటుంది. అదే పొడవును రెండు సమాంతర చుట్టలుగా విభజించి, ట్యాంకును కలెక్టరు కంటే ఎత్తున నిలపాలి.

మరొక మాట. బోరు నీరు చుట్ట వెలుపలే ఉండాలి. వెలుపల పేరుకున్న సున్నాన్ని గీకి తీయవచ్చు. లోపల పేరుకుంటే అలా గీకి తీయడం సాధ్యం కాదు. కనుక ట్యాంకుకు చేయి దూరే మూత తప్పనిసరి. కలెక్టరు వలయంలోని ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది గనుక, దానికి విస్తరణ పాత్ర గాని, తెరిచిన గాలిగొట్టం గాని లేకుండా బిగించడం ప్రమాదకరం.

సౌర వేడినీటి పరికరాలకు రాయితీ ఇచ్చే పథకాలలోను, మన విస్తరణ కరపత్రాలలోను ట్యాంకు సామర్థ్యంతో పాటు నాలుగు వివరాలు చేర్చాలని నా అభిప్రాయం: చుట్ట వైశాల్యం, గొట్టం వ్యాసం, శుభ్రపరిచే మూత, స్థానిక నీటి కఠినత్వం. చివరిది కృషి విజ్ఞాన కేంద్రాలకు కొత్త పని కాదు. సాగునీటి నమూనాలతో పాటు ఇంటి నీటి నమూనా కూడా పరీక్షిస్తే చాలు.

వ్యవస్థ విఫలమైన ఇంట్లో ఎవరూ ఫిర్యాదు రాయరు. నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయని గ్రహించిన ఇల్లాలు మౌనంగా మళ్లీ పొయ్యి రాజేస్తుంది. పొలానికి చేరవలసిన కందికట్టె మళ్లీ బూడిదవుతుంది. కొన్ని మీటర్ల రాగి గొట్టం దగ్గర మనం చేసే పొదుపు చివరికి ఆమె ఊపిరితిత్తుల మీద, ఆ నేల మీద పడుతున్నదని గుర్తించాలి.